బడిని కాపాడేవి రెండు: హాజరు పట్టీ, దస్తావేజు



ఈ సంచికకు చదువు గురించి పాఠం లాంటి వ్యాసం ఒకటి రాయమన్నారు. స్కాలర్‌షిప్పుల గురించీ, మధ్యలో చదువు మానేసే పిల్లల గురించీ ఇదివరకు చాలామంది రాశారు. నేను బడి నిలబడి ఉన్న నేల గురించి రాస్తాను. ఇంట్లో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాళ్ళకు పని ఉంది ఇందులో.

పలమనేరులో నేల ధర సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు. బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న ఊరు మనది. 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రం అయింది. సుమారు 260 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే మన పక్కనే బైరెడ్డిపల్లె, బంగారుపాళ్యం మీదుగా పోతోంది. ఒకప్పుడు వేరుశనగ వేసుకున్న చేను ఇప్పుడు వెంచర్. ఎకరాల లెక్క పోయి సెంట్ల లెక్క వచ్చింది. ఇలాంటి ఊళ్ళో నడిబొడ్డున పాత బడి ఉందంటే, దాన్ని చూసే కళ్ళు రెండు రకాలు. పిల్లలకు అది బడిగానే కనిపిస్తుంది. కొనేవాడికి మాత్రం అది రోడ్ పాయింట్‌లో ఖాళీ స్థలం, మధ్యలో అడ్డంగా నాలుగు పాత గదులు.

నేను చదివిన ఉర్దూ బడి ఇప్పుడు లేదు. అది ఈ జిల్లాలోనే మరో ఊళ్ళో, ఒక పెద్దాయన ఇచ్చిన పెంకుటింట్లో నడిచేది. "పిల్లలు చదువుకోనీ" అని ఆయన నోటితో అన్నాడు, అంతే. కాగితం లేదు. అడిగితే ఆయన్ను అనుమానించినట్టవుతుందని పెద్దలెవరూ అడగలేదు. ఆయన పోయిన కొన్నేళ్ళకు వారసులు పంచుకున్నారు, ఒకరు అమ్ముకున్నారు. వాళ్ళది తప్పని నేను అనలేను, చట్టప్రకారం అది వాళ్ళ ఇల్లే. అక్కడిప్పుడు కింద సెల్‌ఫోన్ల అంగళ్ళు, పైన అద్దె గదులు. బడి వేరే వీధికి మారింది, తర్వాత మూతపడింది. అప్పుడు మేం పిల్లలం ఏమైనా చేయగలిగేవాళ్ళమా అని చాలాకాలం ఆలోచించాను. ఇతర చోట్ల పిల్లలు ఏం చేశారో చూశాక, కొంత చేయగలిగేవాళ్ళమే, అంతా కాదు అని తేలింది.

అనంతపురం నుంచి మొదలుపెడదాం

మన సీమలో అందరికీ గుర్తున్నది 2021 నాటి ఎయిడెడ్ గొడవ. ఎయిడెడ్ అంటే స్థలం, భవనం ట్రస్టుదో సొసైటీదో, పంతుళ్ళ జీతం ప్రభుత్వానిది. ఇలాంటి బడులు, కాలేజీలు చాలావరకు పాతవి. ఎప్పుడో దాతలు ఇచ్చిన స్థలాల్లో, ఊరు పెరిగాక నడిబొడ్డుకు వచ్చినవి. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన జీవోల ప్రకారం యాజమాన్యాలు సిబ్బందిని, కావాలంటే ఆస్తులతో సహా సంస్థను, ప్రభుత్వానికి అప్పగించవచ్చు. సిబ్బందిని మాత్రమే అప్పగిస్తే సంస్థ ప్రైవేటు అవుతుంది. ప్రైవేటైతే ఫీజు పెరుగుతుంది. కొన్నాళ్ళకు నడపలేక మూసేస్తే ఆ నడిబొడ్డు స్థలం సంగతేమిటని జనం అడగడం మొదలుపెట్టారు.

విశాఖపట్నం, కాకినాడల్లో బడి పిల్లలు తల్లిదండ్రులతో కలిసి రోడ్డు మీదికి వచ్చారు. నవంబరు 8న అనంతపురం ఎస్ఎస్‌బీఎన్ కాలేజీలో విద్యార్థుల ఆందోళన మీద లాఠీఛార్జి జరిగింది, ఒక అమ్మాయి తలకు గాయమైంది. రాష్ట్రమంతా అలజడి రేగింది. నాలుగు రోజులకే, నవంబరు 12న, ప్రభుత్వం మెమో ఇచ్చింది. ఇష్టమైతే అంతా అప్పగించవచ్చు, సిబ్బందిని మాత్రమే అప్పగించవచ్చు, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చు, ఇదివరకు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు అని నాలుగు దారులు చూపింది.

ఆ మెమో రావడంలో పిల్లల పాత్ర ఉంది. కానీ ఒక మాట నిష్ఠూరంగా చెబుతాను. ఆ అమ్మాయి తలకు తగిలిన దెబ్బ పెద్దలు ముందే చేయవలసిన పని చేయకపోవడం వల్ల తగిలింది. పిల్లల్ని ముందు నిలబెట్టి మనం వెనక నిలబడే ఉద్యమాలు నాకు నచ్చవు.

మరుసటి ఏడాది ఇంకో రకం. 2022 జూన్‌లో వచ్చిన 117వ జీవోతో 3, 4, 5 తరగతుల్ని దగ్గరలోని హైస్కూళ్ళలో కలిపారు. జులైలో బడులు తెరిచేసరికి చాలా పల్లెల్లో పిల్లలు, తల్లులు గేట్ల దగ్గర కూర్చున్నారు. ఆ జీవో చివరికి 2025 మేలో రద్దయింది. ఇందులో రియల్ ఎస్టేట్ లేదు కదా అనవచ్చు. అయితే ఒకటి రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడిలో నాలుగేళ్ళ తర్వాత పిల్లలెంతమంది ఉంటారు? పిల్లలు లేని భవనం పాడుబడుతుంది, పాడుబడిన భవనం చుట్టూ గోడ జరుగుతుంది. గోడ జరిగేది ఎప్పుడూ లోపలికే.

రాత్రికి రాత్రి కూల్చిన బడి

మన విషయానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే ఉదాహరణ కేరళలో ఉంది. కోళికోడ్ నగరంలో మలపరంబ ఏయూపీ స్కూలు. నూరేళ్ళు దాటిన ఎయిడెడ్ బడి, చుట్టూ నగరం పెరిగి స్థలానికి కోట్ల విలువ వచ్చింది. కేరళలో ఎయిడెడ్ బడికి ఒక "మేనేజరు" ఉంటాడు. పేరుకు మేనేజరే గానీ చాలా చోట్ల స్థలానికి సొంతదారు కూడా ఆయనే. పేద పిల్లలు తప్ప మిగతావాళ్ళు ఇంగ్లీషు మీడియంకు వెళ్ళిపోయాక ఈ బడిలో వంద మంది కూడా మిగల్లేదు. సర్కారు భాషలో అది "గిట్టుబాటు కాని" బడి. మూసేస్తానని మేనేజరు దరఖాస్తు పెట్టాడు.

2014 ఏప్రిల్‌లో, వేసవి సెలవుల్లో, ఒక రాత్రి బడి భవనాన్ని కూల్చేశారు. తెల్లారి ఊరు లేచేసరికి బడి ఉన్నచోట రాళ్ళగుట్ట.

ఆ తర్వాత జరిగినదే మనకు పాఠం. పాత విద్యార్థులు, పంతుళ్ళు, చుట్టుపక్కల జనం కలిసి బడి పరిరక్షణ కమిటీ పెట్టుకున్నారు. చందాలు పోగుచేశారు, శ్రమదానం చేశారు. జూన్‌లో బడులు తెరిచే నాటికి అదే చోట మళ్ళీ గదులు కట్టారు. అయినా గదులు కట్టినంత మాత్రాన బడి మిగలదు. ఆ పిల్లలు, కూలిన బడి పిల్లలు, వేరే బడిలో చేరకుండా మళ్ళీ అక్కడికే వచ్చారు. పిల్లలు చేసిన అసలు పని అదే. రోజూ సంచి తగిలించుకుని రావడం, పేరు పిలిస్తే పలకడం. టీవీలో చూపించేంత విషయం కాదు గానీ, అది లేకపోతే మిగతాదంతా వృథా.

అయినా కథ అక్కడ ముగియలేదు. కోర్టులో మేనేజరే గెలిచాడు. చట్టప్రకారం ఏడాది ముందు నోటీసిచ్చి బడి మూసుకునే హక్కు ఆయనకు ఉంది, స్థలం ఆయనది. 2016లో బడి మూయక తప్పలేదు. విద్యాశాఖ అధికారి వచ్చినప్పుడు జనం అడ్డుగా నిలబడ్డారు, అయినా కోర్టు ఉత్తర్వు అమలైంది. పిల్లల్ని కలెక్టరాఫీసు ఆవరణలోని ఒక హాలుకు తీసుకెళ్ళి అక్కడే పాఠాలు చెప్పారు. కలెక్టరాఫీసుకు పనుల మీద వచ్చే జనం మధ్య బడి నడుస్తున్న దృశ్యం ఒకసారి ఊహించుకోండి. ఆ జూన్‌లోనే కేరళ మంత్రివర్గం ఈ బడితో పాటు ఇలాంటివే మరో మూడింటిని, మొత్తం నాలుగు బడుల్ని ప్రభుత్వం తీసుకోవాలని నిర్ణయించింది. ఆ నాలుగింటిలో ఒకటి మలప్పురం జిల్లా మంగాట్టుమురిలోని మాప్పిళ బడి, అంటే మన ముస్లిం పిల్లల కోసం పుట్టిన బడి. సొంతదారుకు పరిహారం ఇచ్చి తీసుకోవలసి వచ్చింది.

ఇందులో గెలుపు ఎవరిదని పిల్లలు అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. హాజరు పట్టీలో పేర్లు ఉండబట్టి బడి బతికింది. దస్తావేజులో పేరు లేకపోబట్టి ఖజానా డబ్బుతో కొనవలసి వచ్చింది. ప్రభుత్వం ఆ డబ్బు పెట్టకపోయి ఉంటే పిల్లల పట్టుదల ఏమయ్యేదో మనకు తెలుసు. నేను చదివిన బడికి అదే జరిగింది.

ఇద్దరు అనాథ పిల్లల స్థలం

స్థలం, పిల్లలు అనగానే మన పెద్దలకు మదీనా గుర్తుకు రావాలి. దైవప్రవక్త (స) మదీనా చేరినప్పుడు ఆయన ఒంటె మోకరిల్లిన చోటు ఖర్జూరాలు ఆరబెట్టుకునే కళ్ళం. అది సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ పిల్లలది. అక్కడే మస్జిద్ కట్టాలని ప్రవక్త (స) అనుకున్నారు. వెల ఎంతని ఆ పిల్లల్ని పిలిపించి అడిగారు. ఉచితంగానే ఇస్తామన్నారు వాళ్ళు. ఆయన ఒప్పుకోలేదు, వెల చెల్లించే తీసుకున్నారు. ఆ మస్జిద్ అరుగు మీదే అస్హాబె సుఫ్ఫా చదువుకున్నారు. చదువు చెప్పిన ఆ చోటు ఒకప్పుడు పిల్లల ఆస్తి అన్నమాట. పుణ్యకార్యమే కదా అని మొహమాటంతో పని కానివ్వలేదు. లావాదేవీని తేటగా ముగించారు.

ఇక వక్ఫ్. ఖైబర్‌లో తనకు వచ్చిన మంచి భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, మూలాన్ని అలాగే ఉంచి ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు అని ఉమర్ (రజి) షరతు పెట్టారు. ఈనాటి రియల్ ఎస్టేట్ భాషలోకి మారిస్తే ఆ మూడు షరతులకూ ఒకటే అర్థం వస్తుంది: ఈ స్థలం బేరానికి రాదు.

మన పత్రాల సంగతి

ఇప్పుడు పలమనేరుకు వద్దాం. మన ప్రాంతంలో సమాజం నడిపే బడులు, మక్తబ్‌లు, హాస్టళ్ళు నిలబడిన నేల నాలుగు రకాలుగా ఉంటుంది. వక్ఫ్ నేల, సొసైటీ పేరిట కొన్న నేల, ఎవరో నోటితో ఇచ్చిన నేల, అద్దె నేల. ప్రమాదం ఈ వరసలోనే పెరుగుతుంది.

ముస్లిం చట్టం ప్రకారం నోటి దానం, అంటే హిబా, చెల్లుతుంది. ఇస్తున్నానని దాత చెప్పాలి, తీసుకునేవారు ఒప్పుకోవాలి, స్థలం స్వాధీనం చేయాలి. మూడూ జరిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా దానమే. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మూడూ జరిగాయని కోర్టులో రుజువు చేసేదెవరు? సాక్షులు ఖబరస్తాన్‌లో ఉంటారు.

వక్ఫ్‌కు బలం ఎక్కువ. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో వచ్చిన సవరణ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది. అయితే 2025 సవరణ తర్వాత రెండు విషయాలు మారాయి, ఇవి ప్రతి దాతకూ తెలియాలి. ఒకటి, వక్ఫ్‌నామా రాయకుండా ఇకమీదట కొత్త వక్ఫ్ ఏర్పడదు. రెండు, వక్ఫ్ స్థలాన్ని తిరిగి పొందే దావాలకు కాలపరిమితి లేదని చెప్పే 107వ సెక్షన్ పోయింది. ఆక్రమించినవాడు పన్నెండేళ్ళు కదలకుండా కూర్చుంటే ఆ తర్వాత మన దావా నిలవడం కష్టం. ఈ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన కోర్టులో నడుస్తోంది, నడవనీయండి. ఈలోగా పన్నెండేళ్ళ లెక్క మాత్రం ఆగదు.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ అని ఒక సెక్షన్ ఉంది. దాని కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది, వక్ఫ్ ఆస్తులు అందులో చేరాలి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆ స్థలం మీద అమ్మకం పత్రం రిజిస్టరు చేయడు. లేకపోతే చేయవచ్చు. ఇంత చిన్న తేడా మీద కోట్ల స్థలం ఆధారపడి ఉంది. జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. స్థలం మీద ఏ లావాదేవీ జరిగిందో చెప్పే ఈసీ కూడా 1983 నుంచి అక్కడే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి దరఖాస్తు పెట్టాలి. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో మన వక్ఫ్ స్థలం వివరాలు ఎక్కాయా అన్నది ముతవల్లీని అడగవలసిన ఇంకో ప్రశ్న. అడిగితే ఆయన నొచ్చుకుంటాడని భయం వద్దు. మంచి ముతవల్లీ అడిగినందుకు సంతోషిస్తాడు.

సొసైటీ పేరిట ఉన్న నేలకు ఈ రక్షణలు లేవు. మంచి కమిటీ ఉన్నంతకాలం అది భద్రం. కమిటీలు మారతాయి, తీర్మానాలు రాస్తారు, "ఊరి బయట ఇంతకు రెట్టింపు స్థలం వస్తుంది, పెద్ద బిల్డింగ్ కట్టుకోవచ్చు" అని ఎవరో ఒకరు లెక్క వేసి చూపిస్తారు. లెక్క నిజంగానే బాగుంటుంది. ఊరి బయటికి ఆటో ఛార్జీ పెట్టి వెళ్ళలేని ఆడపిల్లలు మాత్రం ఆ లెక్కలో ఉండరు.

పిల్లలకు పని

ఇప్పుడు పక్కన కూర్చున్న పిల్లల వైపు తిరగండి. వాళ్ళని ధర్నాకు పంపమని నేను అనను. కొలత టేపు ఇవ్వండి.

ఏడో తరగతి లెక్కలతో బడి స్థలం కొలవవచ్చు. ఉదాహరణకు పొడవు 40 గజాలు, వెడల్పు 30 గజాలు వచ్చిందనుకుందాం. మొత్తం 1,200 చదరపు గజాలు. సెంటుకు 48.4 చదరపు గజాలు కాబట్టి అది 24.8 సెంట్లు. పత్రంలో 27 సెంట్లు అని ఉంటే మిగతా రెండు సెంట్ల పైచిలుకు, అంటే దాదాపు 107 చదరపు గజాలు, ఎక్కడికి పోయింది? పత్రంలో చెక్కుబందీ ఉంటుంది, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ దారి అని. పిల్లలు ఆ నాలుగు దిక్కులూ తిరిగి, ఇప్పుడు ఏముందో పటం గీసి, హద్దురాళ్ళకు ఫొటోలు తీసి, తేదీ వేసి ఆఫీసులో ఇవ్వాలి. ఏటా ఇలా చేస్తే పన్నెండేళ్ళకు పన్నెండు పటాలు. గోడ జరిగిందని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఏ వకీలూ తయారు చేయలేడు.

రెండో పని, పాత విద్యార్థుల జాబితా. అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకముందే నకలు రాసుకోవాలి. తమ దాదా, నానీ, పక్కింటి చాచా ఎవరెవరు ఈ బడిలో చదివారో పిల్లలు అడిగి రాయాలి. మలపరంబలో రాళ్ళగుట్ట దగ్గరికి మొదట వచ్చినవాళ్ళు ఇలాంటివాళ్ళే. మన దగ్గర చదివి ఇప్పుడు బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళ ఫోన్ నంబర్లు అవసరం వచ్చిన రాత్రి వెతికితే దొరకవు.

మూడోది హాజరు. ఇది పిల్లల పనే గానీ, భారం తల్లిదండ్రుల మీద ఉంది. ఉర్దూ బడికి చందా ఇచ్చి మన పిల్లల్ని కాన్వెంట్‌కు పంపే పెద్దలు మనలో చాలామంది ఉన్నాం. ఆ "మనం"లో నేనూ ఉన్నాను, నా చిన్న కొడుకును అలాగే చదివించాను. తప్పో ఒప్పో నేను తేల్చలేను. కానీ నలుగురు పిల్లలున్న బడిని కాపాడమని ఏ కలెక్టరును ఎలా అడుగుతాం?

ఇక సర్కారు బడుల విషయం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు. ఆ కమిటీ ఎన్నిక ఎప్పుడు జరుగుతుందో మన వీధుల్లో చాలామంది తల్లులకు తెలియదు. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్న నిబంధన కూడా తెలియదు. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది, భారతదేశం అందులో 1992లో చేరింది. కాబట్టి మన కమిటీ మీటింగుకు ఇద్దరు పిల్లలు వచ్చి తమ పటం చూపించి, "సాహెబ్, ఈ మూల మనది కాదా?" అని అడిగితే గదమాయించకండి.

సరిహద్దు దాటితే వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ 1919 నుంచి నడుస్తోంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో పెట్టిన ఉస్మానియా కాలేజీలో ఇప్పటికీ మన పిల్లలు సీట్ల కోసం వెళ్తారు. ఆ తరం వాళ్ళకు మనకన్నా డబ్బు తక్కువ.

నాదొక్క మనవి. వచ్చే జనరల్ బాడీ మీటింగులో జమాఖర్చులు చదివాక, టీ రాకముందు, బడి స్థలం దస్తావేజు నకలు, తాజా ఈసీ, 22-ఏ జాబితాలో మన సర్వే నంబరు ఉన్న కాగితం, ఈ మూడూ బల్ల మీద పెట్టించండి. లేనివి ఏవో మినిట్స్ బుక్కులో రాయించండి. నకళ్ళకు, ఈసీకి అయ్యే ఫీజు ఈ ఏడాదికి నేను కడతాను. ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చేదెవరో పేరుతో సహా ఆ రోజే తేల్చండి.